నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పసిపిల్లల ఊబకాయం మీద పీహెచ్‌డీ: డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

సింగరాయకొండ నుంచి ఒకామె అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎమ్మెస్సీ ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ చేశారు, ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్, వయసు 29. ఐదేళ్లలోపు పిల్లలకు ఊబకాయం రాకుండా ఏం చేయొచ్చో పీహెచ్‌డీ చేయాలనుంది. అదీ ఒక్క రకం కుటుంబాల్లో కాదు. పట్టపుపాలేలు (సముద్రం ఒడ్డు మత్స్యకారుల ఊళ్లు), యానాది గిరిజనుల కాలనీలు, నెల్లూరు టౌన్‌లో ముస్లిం పేటలు, ఒంగోలు అపార్టుమెంట్లు, నాలుగూ కావాలి. గైడ్‌గా ఉంటానన్నవారు "డబ్బు సంగతి నువ్వే చూసుకోమ్మా" అన్నారు. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే "మా సెంటర్లో లావు పిల్లలెవరున్నారు మేడమ్" అని నవ్వింది. ఎవరిస్తారు డబ్బు, అసలు ఇస్తారా?

ఇస్తారమ్మా. కానీ ఈ విషయానికే అని రాసిపెట్టి ఉన్న పథకం కోసం వెతుకుతూ ఏడాది పోగొట్టుకోకండి. మీ నెల ఖర్చుకు వచ్చే డబ్బు వేరు, ఫీల్డు ఖర్చుకు వచ్చే డబ్బు వేరు. ఫెలోషిప్ మీ పేరున వస్తుంది, టాపిక్ ఏమిటని పెద్దగా అడగరు. ఫీల్డు గ్రాంటు గైడ్ పేరున వస్తుంది, టాపిక్ నచ్చితేనే ఇస్తారు. రెండూ ఒకేచోట అడిగినవాళ్లకు రెండూ రాకపోవడం నేను హోమ్ సైన్స్ విభాగంలో పనిచేసినంత కాలం చూశాను. ముందు ఫెలోషిప్ పట్టండి. ఆ తర్వాత ఆ డబ్బుతోనే పూర్తి చేయగలిగినంత చిన్నదిగా ప్రశ్నను కోయండి. గ్రాంటు వస్తే అది అదనం.

మీ వయసుకు మొదటి దారి యూజీసీ నెట్, అంటే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)కు దారిచూపే జాతీయ పరీక్ష. హోమ్ సైన్స్ పేపర్ ఉంది, ఏటా జూన్, డిసెంబర్ విడతల్లో పెడతారు. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది కాబట్టి మీకింకా టైముంది. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000, మొత్తం అయిదేళ్లు. దానికి తోడు ఊరిని బట్టి ఇంటద్దె, సైన్సు సబ్జెక్టులకు కంటింజెన్సీ (పరిశోధన పనుల చిల్లర ఖర్చుల డబ్బు) మొదటి రెండేళ్లు ఏటా 12,000, ఆ తర్వాత 25,000. ఈ కంటింజెన్సీని చాలామంది జిరాక్సులకూ ల్యాప్‌టాప్ రిపేర్లకూ ఖర్చుపెట్టేస్తారు. మీరు మాత్రం దాన్ని ఫీల్డుకు దాచుకోండి.

జేఆర్‌ఎఫ్ కటాఫ్ అందకపోయినా నెట్ రాసిన శ్రమ వృథా కాదు. 2024 జూన్ విడత నుంచి నెట్ ఫలితాలు మూడు వర్గాలుగా ఇస్తున్నారు. చివరి వర్గంలో వచ్చినా పీహెచ్‌డీ అడ్మిషన్‌కు ఆ స్కోరు ఏడాది పాటు చెల్లుతుంది. కాకపోతే సీటొస్తుంది, డబ్బు రాదు. అలాంటివాళ్లు వెంటనే ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) వైపు చూడాలి. పీహెచ్‌డీలో రిజిస్టరైనవాళ్లకు పూర్తికాలపు డాక్టోరల్ ఫెలోషిప్ నెలకు 20,000 ఇస్తారు, ఏటా కంటింజెన్సీ వేరు. సామాజిక శాస్త్రాల సంస్థ కదా మనకెందుకిస్తుందని వదిలేయకండి, ఆరోగ్య అధ్యయనాలు కూడా వాళ్ల జాబితాలో ఉన్నాయి. మీ సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) కొవ్వు శాతాలు, రక్త పరీక్షలు తగ్గించి, ఇంట్లో తిండి విషయం ఎవరు నిర్ణయిస్తారు, చిల్లరకొట్టులో పిల్లలకు ఏం దొరుకుతుంది అన్నవి ముందుకు తెస్తే అక్కడ నిలబడుతుంది. దక్షిణాది ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో, ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది.

మీరు ఏ వర్గమో రాయలేదు, అడగను. ఎస్సీ, ఓబీసీలకు జాతీయ ఫెలోషిప్‌లు నెట్ ఆధారంగా వస్తాయి. ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 మందికి ఫెలోషిప్ ఇస్తుంది, అది పీజీ మార్కుల మీద, నెట్ అక్కర్లేదు. మన జిల్లాల్లో యానాది కుటుంబాల నుంచి పీజీ దాకా వచ్చిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి దీన్ని వదలొద్దు. మైనారిటీలకుండే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022-23 నుంచి ఆపేశారు, ఇప్పటికీ పాత వెబ్‌సైట్లు చూసి దానికోసం ఎదురుచూసేవాళ్లున్నారు. తోబుట్టువులు లేని ఆడపిల్ల అయితే సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే పేరున యూజీసీ ఫెలోషిప్ ఉంది. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్టీ) వాళ్ల వైజ్-పీహెచ్‌డీ ఫెలోషిప్ 27 నుంచి 45 ఏళ్ల మహిళలకు. ఉద్యోగం, పెళ్లి, పిల్లల వల్ల మధ్యలో ఆగినవాళ్లు దాన్ని ముందు చూడండి.

ఇక జనం ఎక్కువగా పట్టుకునే దారి, ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా చేరడం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోనో, ఏదైనా మెడికల్ కాలేజీలోనో నడుస్తున్న ప్రాజెక్టులో చేరి, దాని మీదే పీహెచ్‌డీ రిజిస్టర్ చేసుకోవడం. జీతం, ఫీల్డు ఖర్చు రెండూ ఒకేచోట దొరుకుతాయి, అందుకే ఆకర్షణ. చిక్కు ఎక్కడంటే ప్రాజెక్టుకు మూడేళ్లు, పీహెచ్‌డీకి అయిదారేళ్లు. నా దగ్గరికి సలహా కోసం వచ్చిన ఒకమ్మాయికి ప్రాజెక్టు ముగిశాక డేటా వాడుకోవడానికి అనుమతి ఇవ్వలేదు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. పిల్ల రెండేళ్లు తిరిగి తిరిగి చివరికి వేరే టాపిక్ తీసుకుంది. చేరే రోజునే, ఏ డేటా మీ థీసిస్‌కు చెందుతుందో ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ సంతకంతో రాయించుకోండి. నోటిమాట చాలదు, ఎంత మంచివాళ్లయినా సరే.

ఇప్పుడు మీ అంగన్‌వాడీ టీచర్ నవ్వు సంగతి. ఇంటర్వ్యూ బోర్డులోనూ అదే నవ్వు ఎదురవుతుంది, కాస్త మర్యాదగా: "మన దగ్గర బక్కపిల్లల సమస్య ఉండగా మీరు లావుపిల్లల మీద పడ్డారేమిటి?" దీనికి జవాబు మీ నాలుక చివర ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో దేశంలో అయిదేళ్లలోపు అధిక బరువు పిల్లలు 2.1 శాతం, అయిదో విడతలో, అంటే 2019-21లో, 3.4 శాతం. అదే అయిదో విడతలో ఎత్తు ఎదగని పిల్లలు 35.5 శాతం. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి, 3.4 ఒక్కటే చూపిస్తే మీరే ఓడిపోతారు. చెప్పాల్సింది ఏమిటంటే ఈ రెండూ వేర్వేరు పిల్లల కథలు కావు. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూపించింది, మన పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా ఒంట్లో కొవ్వు వాటా మాత్రం తగ్గదని. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా కొలుస్తూ వచ్చిన పిల్లల మీద 2004లో వచ్చిన ఫలితాలు చూస్తే, పెద్దయ్యాక చక్కెర సమస్య వచ్చినవాళ్లు పసితనంలో లావుగా ఉన్నవాళ్లేమీ కాదు. రెండేళ్ల లోపు సన్నగా ఉండి, ఆ తర్వాత గబగబా బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) పెరిగినవాళ్లు. అంటే ఈరోజు యానాది కాలనీలో బక్కగా కనిపించే పిల్ల కూడా మీ టాపిక్‌లోకే వస్తుంది.

టీచర్ నవ్వులో ఇంకో కారణం ఉంది. సెంటర్లో ఎక్కువగా చూసేది వయసుకు తగ్గ బరువు. ఎత్తు ఎదగని బిడ్డ బరువు మాత్రం సరిపోయిందంటే, చార్టులో ఆకుపచ్చ గీతలోనే కనిపిస్తాడు. ఎత్తుకు తగ్గ బరువు చూస్తేనే లెక్క బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం అయిదేళ్లలోపు పిల్లలకు ఎత్తుకు తగ్గ బరువు మధ్యస్థం కంటే రెండు స్టాండర్డ్ డీవియేషన్లు (ఎంత దూరం జరిగిందో చెప్పే కొలత) దాటితే అధిక బరువు, మూడు దాటితే ఊబకాయం. అయిదేళ్లు దాటినవాళ్లకు వేరే కటాఫ్‌లు, కలపకండి. రెండేళ్లలోపు పడుకోబెట్టి పొడవు, ఆపైన నిలబెట్టి ఎత్తు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా 0.7 సెంటీమీటర్లు తీసుకుంటారు. చిన్నదే అనిపిస్తుంది గానీ కటాఫ్ దగ్గరున్న పిల్లల్ని అటూ ఇటూ పడేస్తుంది. ఇంకోటి, కొలిచేటప్పుడు పదిమందిలో బరువు పైకి చదవొద్దు. బొద్దుగా ఉన్న బిడ్డ బరువు నలుగురిలో చెబితే "దిష్టి తగులుద్దమ్మా" అని మరుసటి నెల తల్లి సెంటర్‌కే తీసుకురాదు. మైపాడు వైపు పాలేల్లోనూ ఇదే, నెల్లూరు అపార్టుమెంట్లలోనూ ఇదే.

ప్రశ్నను కోయమన్నాను కదా, ఎంత కోయాలో లెక్కేసి చూపిస్తాను. మీరు "నాలుగు సమూహాల్లో ఊబకాయం ఎంతుందో కనుక్కుంటాను" అంటారు. 3.4 శాతం ఉండేదాన్ని ఒక శాతం అటూఇటూగా పట్టుకోవాలంటే ఒక్క సమూహానికే దాదాపు 1,260 మంది పిల్లలు కావాలి. అంగన్‌వాడీల వారీగా తీసుకుంటారు కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ (ఒకే సెంటర్ పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి సంఖ్యను పెంచే గుణకం) రెండు వేస్తే 2,500 దాటుతుంది. నాలుగు సమూహాలకు పదివేలు. దీన్ని ఒక్క స్కాలర్ స్కూటీ మీద తిరిగి చేయలేదు, చేస్తానంటే బోర్డులో ఎవరూ నమ్మరు.

అదే, శాతాన్ని వదిలేసి ఎత్తుకు తగ్గ బరువు జెడ్-స్కోరును (ఎన్ని స్టాండర్డ్ డీవియేషన్ల దూరంలో ఉందో చెప్పే అంకెను) సంఖ్యగానే పోల్చండి. రెండు సమూహాల మధ్య 0.3 తేడాను 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే అది బయటపడే అవకాశం) పట్టుకోవాలంటే ఒక్కో వైపు 175 మంది చాలు, డిజైన్ ఎఫెక్ట్ కలిపినా 350. ఇది కంటింజెన్సీ డబ్బుతో అయ్యే పని. నాలుగు సమూహాలు వద్దు, రెండు తీసుకోండి. కులం, మతం పేర్ల మీద కాకుండా తిండి దొరికే తీరును బట్టి ఎంచుకోండి. ఉదాహరణకు కొత్తపట్నం వైపు ఒక పాలెం, చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు. ఒకచోట చేప ఉంది, నానమ్మ ఉంది, గుమ్మం పక్కనే అయిదు రూపాయల ప్యాకెట్ల కొట్టుంది. రెండోచోట నానమ్మ లేదు, తల్లికి తెలుగు రాదు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం అందిందో లేదో తెలియదు, కొట్టు మాత్రం ఉంది. పిల్లాడికి టీలో బిస్కెట్ ముంచిపెట్టడం రెండుచోట్లా ఉంది. టౌన్‌లో సెల్‌ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టడం కావాలంటే అది మూడో సమూహం, పోస్ట్‌డాక్‌కు ఉంచుకోండి. నెల్లూరు టౌన్ ముస్లిం పేటల్లో పనిచేయాలనుంటే ఉర్దూ మాట్లాడే సహాయకురాలి జీతం ముందే బడ్జెట్లో వేసుకోవాలి, మీరొక్కరే వెళ్లి అడిగితే అత్తగార్లు జవాబు చెబుతారు, తల్లులు చెప్పరు.

"నివారణ" అన్నారు కాబట్టి ఏదో ఒక కార్యక్రమం నడిపి చూపించాలని మీకు ఉంటుంది. ఇక్కడ నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది, నొచ్చుకోవద్దు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నైరుతి శివార్లలో మొదటి కాన్పు తల్లులు 667 మందితో హెల్దీ బిగినింగ్స్ అనే ప్రయోగం చేశారు. నర్సులు ఇంటికి ఎనిమిది సార్లు వెళ్లి చెప్పారు. రెండేళ్ల వయసుకు బీఎంఐ 0.29 తగ్గింది, 2012లో ప్రచురించారు, అందరూ సంతోషించారు. అయిదేళ్లకు చూస్తే ఆ తేడా నిలవలేదు. 2025లో లాన్సెట్‌లో ఇలాంటి ప్రయోగాల అసలు డేటాలన్నీ కలిపి విశ్లేషించారు. గర్భం నుంచి ఏడాదిలోపు మొదలుపెట్టి తల్లిదండ్రులకు సలహాలిచ్చే కార్యక్రమాల వల్ల రెండేళ్లకు బీఎంఐలో తేడా రాలేదని తేలింది. అంత డబ్బు, అంతమంది నర్సులు ఉన్నచోట రానిది, మన ఫెలోషిప్ డబ్బుతో ఆరు నెలల క్లాసులు చెప్పి తెస్తామంటే ఎవరైనా అడ్డుపడతారు, పడాలి కూడా. మీ థీసిస్ తల్లికి సలహా చెప్పడం దగ్గర ఆగకుండా, తల్లి చుట్టూ ఉన్న కొట్టు, నూనె, పని వేళలు, రేషన్ ఇవన్నీ కొలిస్తే దానికి విలువుంటుంది. పైగా అది చవక. ఇంకా చవకగా కావాలంటే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి పిల్లల్ని వెంబడించిన యంగ్ లైవ్స్ డేటా అర్జీ పెట్టుకుంటే ఉచితంగా దొరుకుతుంది. మన జిల్లాలు అందులో లేవు, కడప ఉంది. ఒక అధ్యాయం దానితో, రెండు అధ్యాయాలు మీ ఫీల్డుతో రాస్తే సరిపోతుంది.

ఫీల్డు గ్రాంటు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది మీ చేతిలో లేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చిన్న గ్రాంటు అంటేనే రెండు కోట్ల దాకా. దరఖాస్తు చేయాల్సింది రెగ్యులర్ ఉద్యోగంలో ఉన్న ఫ్యాకల్టీ, స్కాలర్ కాదు. "నువ్వే చూసుకో" అన్న గైడ్ చేత అది రాయించడం ఎంతవరకు సాధ్యమో మీకే తెలియాలి. మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ ఎండీ విద్యార్థి ఎవరైనా ఇదే విషయం ఎంచుకుంటే ఐసీఎంఆర్ థీసిస్ సాయం వాళ్లకు దొరకొచ్చు, కొలతలు కలిసి తీసుకోవచ్చు. ఇది నేను చూసినంతలో బాగా పనిచేసింది. ఆ ఏర్పాటుతో, మనుషుల మీద పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ సమస్య కూడా తీరింది.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు కృష్ణపట్నం చుట్టుపక్కల ఉన్నాయి, అడిగితే తప్పులేదు. అయితే వాళ్లు థీసిస్‌కు ఇవ్వరు. అంగన్‌వాడీలకు పొడవు కొలిచే బోర్డులు, డిజిటల్ త్రాసులు కొనివ్వమంటే ఇస్తారు. మీ కొలతలకు కావాల్సింది అవే.

పాలపొడి, పసిపిల్లల తిండి అమ్మే కంపెనీల డబ్బు ముట్టుకోవద్దు. ఇది నీతి బోధ కాదు, చట్టం. 1992 నాటి పాలపొడి, పాలసీసాల నియంత్రణ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం ఆ కంపెనీలు ఆరోగ్య కార్యకర్తలకు గానీ వాళ్ల సంఘాలకు గానీ ఫెలోషిప్పులు, పరిశోధన ఖర్చులు, సదస్సుల డబ్బు ఇవ్వకూడదు. డైటీషియన్‌గా మీ దగ్గరికి వాళ్ల రిప్రజెంటేటివ్‌లు వస్తూనే ఉంటారు, "ట్రావెల్ గ్రాంట్ మేడమ్" అంటారు. పసిపిల్లల తిండి మీద రాసే థీసిస్‌కు ఆ ఒక్క రసీదు చాలు, జర్నల్ వెనక్కి పంపడానికి.

అనుమతుల వరస చెబుతాను, వీటికి డబ్బు కాదు, నెలలు ఖర్చవుతాయి. ముందు ఎథిక్స్ కమిటీ. మీ యూనివర్సిటీలో మనుషుల మీద పరిశోధనకు రిజిస్టరైన కమిటీ లేకపోతే నెల్లూరు లేదా ఒంగోలు మెడికల్ కాలేజీలో కో-గైడ్ ఉండాలి. అయిదేళ్లలోపు బిడ్డకు అమ్మానాన్నల సంతకం చాలు, ఏడేళ్లు దాటితేనే బిడ్డ సమ్మతి కూడా అడగాలి. రక్తం తీస్తానని రాశారంటే ప్రశ్నలు మూడింతలవుతాయి. అవసరం లేకపోతే రాయకండి. ఏ చిన్న కార్యక్రమం నడిపినా, మొదటి బిడ్డను చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ప్రయోగాల రిజిస్టరులో) నమోదు చేయాలి, ఫీజు లేదు, తర్వాత చేస్తే కుదరదు. ఆ తర్వాత అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఉత్తరం, దాని మీద కింది అధికారులైన సీడీపీవో, సూపర్‌వైజర్. యానాది కాలనీలకు వెళ్తే నెల్లూరులో వాళ్ల కోసమే ఉన్న ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) కూడా ఒక కాపీ ఇవ్వండి. పోషణ్ ట్రాకర్ యాప్‌తోనే సతమతమవుతున్న టీచర్‌కు మీ ఫారాలు కూడా నింపమని ఇవ్వకండి, మీవి మీరే నింపుకోండి.

విదేశాల సంగతి. పూర్తి పీహెచ్‌డీకి వెళ్లాలంటే కామన్వెల్త్ స్కాలర్‌షిప్, ఆస్ట్రేలియా యూనివర్సిటీల్లో రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. సిడ్నీలో పసితనపు ఊబకాయ నివారణకే ఒక పరిశోధనా కేంద్రం నడుస్తోంది. అరబిక్, చైనీస్ మాట్లాడే తల్లుల కోసం పైన చెప్పిన కార్యక్రమాన్ని మార్చినవాళ్లూ అక్కడివాళ్లే. మీరనుకుంటున్న రకరకాల కుటుంబాల పని వాళ్లకు అర్థమవుతుంది. అయితే వాళ్లు కట్టే డబ్బు వాళ్ల ఊళ్లో ప్రశ్నకు, పాలెంలో ప్రశ్నకు కాదు. ఇక్కడే రిజిస్టరై ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా వెళ్లొచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీకు ఎక్కువ నప్పుతుంది. విదేశీ డబ్బుతో ఇక్కడి పిల్లల్ని కొలవాలంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, కాలేజీ ఖాతాలోకి రావాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి కావాలి. పీహెచ్‌డీ గడువు మామూలుగా ఆరేళ్లు కాబట్టి ఆ దారిని రెండో ఏడాది తర్వాత మొదలుపెట్టకండి.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న, ఆసుపత్రి ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్ చేయొచ్చా అని. చేయొచ్చు, కానీ నేను పైన చెప్పిన ఫెలోషిప్‌లు పూర్తికాలం చేసేవాళ్లకే. ఉద్యోగంలో ఉండగా ఒక విడత నెట్ రాయండి. జేఆర్‌ఎఫ్ వస్తే ఆ లెటర్ చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి. రాకపోతే పార్ట్‌టైమ్‌లో చేరి, మీ ఆసుపత్రి చుట్టుపక్కల అంగన్‌వాడీల్లోనే ఒక సమూహంతో మొదలుపెట్టండి. సినాప్సిస్ ఒక పేజీలో రాసి ఇక్కడ పెడితే చూస్తాను, పిల్లల సంఖ్య లెక్క మాత్రం మీరే వేసి పెట్టాలి.